ఇంట్లో కట్టిన బండికి, విదేశీ ఇంజన్‌కు ఆర్సీ రావాలంటే: అనంతపురం, కర్నూలు, కడప వాళ్లకు వరస క్రమం

ఇంజన్ ఇంకా కొనకండి. అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ముందు మీ దగ్గరున్న ఆర్సీ తీసి, బండి చాసిస్ పక్కన కూర్చుని, అందులో రాసినవి ఒక్కొక్కటీ సరిచూసుకోండి. ఆర్సీయే లేకపోతే ఈ పని దారే వేరు. అది కూడా కింద రాశాం.

మన మూడు జిల్లాల్లోనూ ఈ పని ఎక్కువగా తలకిందులుగానే జరుగుతుంది. ముందు గుజిరీలో ఇంజన్ నచ్చుతుంది, తర్వాత లేత్ షాపు, వెల్డింగ్ షాపు, పెయింటు. ఆర్టీఓ ఆఫీసు అన్నిటికంటే చివర. అప్పటికి లక్షలు ఖర్చయి ఉంటాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చాసిస్ దగ్గర వంగి చూసి "ఇది కుదరదు" అంటే వెనక్కి తిప్పుకునే దారి ఉండదు. కాబట్టి కాగితం ముందు, స్పానర్ తర్వాత.

మీ బండి ఏ కోవలోది?

మొదటిది: ఫ్రేమ్ మీరే పైపులతో వెల్డింగ్ చేసి, బాడీ మీరే కట్టి, జపాన్ నుంచో మరో దేశం నుంచో వచ్చిన ఇంజన్ పెట్టిన బండి. దీనికి తయారీదారు లేడు, కంపెనీ చాసిస్ నంబరు లేదు, ఫారం 21 అమ్మకం పత్రం లేదు, ఫారం 22 రోడ్డు యోగ్యత పత్రం లేదు. ఇవి లేకుండా ఫారం 20, అంటే రిజిస్ట్రేషన్ దరఖాస్తు, ముందుకు కదలదు. ఎందుకంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం, తయారు చేసేవాళ్లయినా దిగుమతి చేసేవాళ్లయినా నమూనా బండిని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థకు అప్పగించి పాస్ చేయించుకోవాలి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ అలాంటివి. మనకు ఒరగడమే దగ్గర.

అనంతపురం వాళ్లు చాలామంది "గార్లదిన్నెలో టెస్టింగ్ సెంటర్ ఉంది కదా, అక్కడ చేయించలేమా" అని అడుగుతారు. గార్లదిన్నెలో ఉన్నది దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ. ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు, వ్యవసాయ పనిముట్లు పరీక్షించే చోటు అది. కారుకు సర్టిఫికెట్ అక్కడ దొరకదు.

పరీక్షా సంస్థకు బండిని తీసుకెళ్లడం ఒక్కటే సమస్య కాదు. ఏఐఎస్-007 (ఏఐఎస్ అంటే వాహన పరిశ్రమ ప్రమాణం) ప్రకారం బండి సాంకేతిక వివరాల పట్టికలన్నీ తయారీదారు హోదాలో మీరే నింపాలి. బ్రేకులు, స్టీరింగ్, లైట్ల అమరిక, అద్దాలు, శబ్దం, సీటు బెల్టు బిగింపులు, పొగ అన్నీ విడివిడిగా పరీక్షిస్తారు. ప్యాసింజర్ కారు అయితే ఏఐఎస్-098 కింద గంటకు 56 కిలోమీటర్ల వేగంతో ముందు భాగం 40 శాతం తగిలేలా అడ్డుగోడకు గుద్దిస్తారు. ఏఐఎస్-099 కింద పక్క నుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో మరో దెబ్బ. ఈ పరీక్షల్లో బండి మిగలదు. ఒకే ఒక్క కారు కట్టుకున్న మనిషికి ఈ దారి మూసుకుపోవడానికి అసలు కారణం ఇదే: సర్టిఫికెట్ కోసం పగలగొట్టాల్సిన బండ్లు, మీరు నడుపుకోవాల్సిన బండి, ఇన్ని కావాలి. పైగా కొత్తగా రిజిస్టర్ అయ్యే బండి బీఎస్-6 (భారత్ స్టేజ్-6 పొగ ప్రమాణం) అయి ఉండాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అదే నియమం. పాతకాలపు జపాన్ పెట్రోల్ ఇంజన్‌కు ఎంత మంచి పేరున్నా, దాని సెన్సర్లు, దాని క్యాటలిటిక్ కన్వర్టర్‌తో బీఎస్-6 అంకెలు అందుకోలేదు.

మీరే ఒక నంబరు పంచ్ కొట్టి "ఇదే చాసిస్ నంబరు" అనడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి. చాసిస్, ఇంజన్ నంబర్ల ముద్ర తయారీదారు పని, 122వ నిబంధనలో ఉంది. చేత్తో కొట్టిన నంబరు కనిపిస్తే దొంగబండి అన్న అనుమానమే మొదట వస్తుంది, పోలీసు కేసు దాకా పోతుంది.

ఇలాంటి బండి కట్టాలన్న కోరిక బలంగా ఉంటే దాన్ని రేసు బండిగా కట్టుకోండి. రోడ్డు మీద నడపకుండా ట్రైలర్ మీద ఎక్కించి కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో తీసుకెళ్లొచ్చు. అక్కడ ఎఫ్ఎమ్ఎస్‌సీఐ (దేశంలోని మోటారు క్రీడల క్లబ్బుల సమాఖ్య) భద్రతా నియమాలు వర్తిస్తాయి, ఆర్సీతో పని లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీదికి తెస్తే మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192 కింద మొదటిసారికే 2,000 నుంచి 5,000 దాకా జరిమానా.

రెండోది: ఇప్పటికే నంబరున్న పాత జీపునో కారునో విప్పి మళ్లీ కట్టడం, చెడిపోయిన ఇంజన్ స్థానంలో మరో ఇంజన్ పెట్టడం. మన దగ్గర నిజంగా జరిగేది ఇదే, దీనికి చట్టంలో దారి ఉంది. ఇక్కడి నుంచి రాసేదంతా దీని గురించే.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. దాని సారం ఇది: తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీ వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్పిడి గురించి అదే సెక్షన్‌లో వచ్చే మాట "అదే మేక్, అదే టైపు", అంటే అదే కంపెనీ, అదే రకం. ఇంధనం మార్చాలంటే ఆమోదం ఉన్న కిట్‌తోనే. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ.

దీన్ని బండి మీద పెట్టి చూడండి. మహీంద్రా ఎంఎం 540 జీపు, ఆర్సీలో 2112 సీసీ డీజిల్. దానికి మరో 2112 సీసీ ప్యూజో ఎక్స్‌డీపీ ఇంజన్ పెడితే మారేది ఇంజన్ నంబరు ఒక్కటే, కాబట్టి పని నడుస్తుంది. దాని స్థానంలో 2498 సీసీ ఎక్స్‌డీ3పీ పెడితే, అది కూడా అదే కంపెనీ తన వేరే బండ్లలో అమ్మినదే అయినా, మీ ఆర్సీలో ఉన్న సీసీ మారిపోతుంది. రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోకండి. అదే జీపులో టయోటా ఇంజన్ పెడతామంటే మేక్ వేరు, టైపు వేరు. కొండ ఎక్కేటప్పుడు ఎంత బాగున్నా ఆర్సీలోకి ఎక్కదు.

మరి విదేశీ ఇంజన్ ఎప్పుడు ఎక్కుతుంది? బండికి మొదటి నుంచీ అదే ఇంజన్ ఉన్నప్పుడు. 2835 సీసీ 4ఎం40 ఇంజన్‌తో వచ్చిన పజెరోకు బయటి నుంచి మరో 4ఎం40 తెప్పించొచ్చు. 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజన్‌తో అమ్ముడైన కాంటెస్సాకు అదే ఇసుజు ఇంజన్ వెతుక్కోవచ్చు. ఇంజన్ బ్లాకు మీది కోడ్, ఆర్సీలోని సీసీ, సిలిండర్ల సంఖ్య, ఇంధనం నాలుగూ కలవాలి. టర్బో లేని బండికి టర్బో ఉన్న అదే కుటుంబపు ఇంజన్ పెడితే సీసీ కలిసినా టైపు కలవదు.

యాభై ఏళ్లు దాటిన బండి ఉంటే ఒక్క మాట. 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ వేరుగా ఉంది, 20,000 ఫీజు, పదేళ్ల చెల్లుబాటు. కానీ చాసిస్‌లోనో ఇంజన్‌లోనో పెద్ద మార్పు చేస్తే ఆ అర్హత పోతుంది. అలాంటి బండికి ఉన్న ఇంజన్‌నే బోరింగ్ చేయించి నిలబెట్టుకోండి.

మొదటి అడుగు: ఆర్సీని శుభ్రం చేసుకోవడం

కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి స్టేటస్ "యాక్టివ్" అని ఉందో లేదో చూడండి. ఆర్సీ గడువు, పాత ఫైనాన్స్ పేరు, మీ మొబైల్ నంబరు, అన్నీ. పదేళ్ల క్రితం తీరిన అప్పు కూడా, అది తీరిందని చెప్పే ఫారం 35 పెట్టకపోతే ఇంకా రికార్డులోనే ఉంటుంది. మొబైల్ నంబరు పాత ఓనర్‌ది ఉంటే ఓటీపీ అతనికే పోతుంది. బండి మీ పేరు మీదికి రాకపోతే ఫారం 29, 30తో ముందు ఆ పని చేయండి. 15 ఏళ్లు దాటి గడువు అయిపోయుంటే ఫారం 25తో రెన్యువల్. కారు, జీపుకు 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు 5,000, 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టు నుంచి 10,000.

ఇక్కడ వరస చాలా ముఖ్యం. అనంతపురం వాళ్లు బళ్లారి నుంచో బెంగళూరు నుంచో కేఏ నంబరు జీపు కొంటారు. కర్నూలు వాళ్లు దగ్గరున్న హైదరాబాద్ నుంచి కొంటారు. అలాంటి బండికి ముందు ఫారం 28 ఎన్ఓసీ (పాత ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం), తర్వాత ఏపీ నంబరు, లైఫ్ ట్యాక్స్, ఆ తర్వాతే ఇంజన్. ఎన్ఓసీలో ఉన్న ఇంజన్ నంబరు ఒకటి, బండిలో ఉన్నది మరొకటి అయితే ఇక్కడ ఇన్‌స్పెక్షన్‌లోనే ఆగిపోతుంది, అక్కడి ఆఫీసు చుట్టూ, ఇక్కడి ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇప్పుడు చాసిస్ నంబరు. పాత జీపుల్లో సైడ్ మెంబర్ మీది నంబరు తుప్పు, పెయింటు, గ్రీజు కింద దాక్కుని ఉంటుంది. గ్రైండర్ పెట్టొద్దు, ఎమరీ వీల్ పెట్టొద్దు. రెండు అంకెలు చెరిగితే ఆ బండి జీవితం అంతటితో ఆగుతుంది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ ఒక రాత్రి చుట్టి ఉంచి, పొద్దున చేతి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఆరాక తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ మూడు కాపీలు తీయండి. ఆ నంబరుకు జానెడు దూరంలో ఎక్కడా వెల్డింగ్ చేయనివ్వకండి.

రెండో అడుగు: ఇంజన్ కాగితాలు

విదేశీ ఇంజన్‌కు ఒక గొలుసు ఉండాలి: బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం), విదేశీ అమ్మకందారు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, దిగుమతిదారు మీకిచ్చిన జీఎస్టీ బిల్లు. బిల్ ఆఫ్ ఎంట్రీలో చాలాసార్లు "ఇంజన్లు, ఇన్ని" అని మాత్రమే ఉంటుంది, నంబర్లు ఉండవు. కాబట్టి సీరియల్ నంబర్లు ఉన్న ప్యాకింగ్ లిస్టు అడగండి. మీ జీఎస్టీ బిల్లు మీద ఇంజన్ కోడ్, నంబరు, "వాడినది" లేక "కొత్తది" అన్న మాట రాయించండి. వాడిన ఇంజన్ల దిగుమతి పరిమితుల కింద ఉంది, డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) అనుమతి కావాలి. ఆ అనుమతి ఎవరి పేరు మీద ఉందో, ఆ కాపీ కూడా అడగండి. ఇవ్వడానికి వెనకాడే చోట కొనొద్దు. "బిల్లు కావాలంటే రేటు వేరే" అని ఎవరైనా అంటే, బిల్లున్న రేటే మీ రేటు.

బెంగళూరు శివాజీనగర్‌లోనో చెన్నై పుదుపేటలోనో ఇక్కడి బండి నుంచి తీసిన ఇంజన్ కొంటుంటే ఆ పాత బండి ఆర్సీ రద్దయిన కాగితం కావాలి. బండి తుక్కయితే 14 రోజుల్లో ఆర్సీ వెనక్కి ఇవ్వాలని సెక్షన్ 55 చెబుతుంది. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికి వెళ్లిన బండికి స్క్రాపింగ్ సర్టిఫికెట్ ఉంటుంది. డబ్బు చేతులు మారకముందే ఇంజన్ నంబరుతో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) సైటులో దొంగబండ్ల జాబితా వెతికి, ఆ పేజీ ప్రింటు తీసుకోండి. నంబరు ఉన్న చోట గీతలు, కొత్త పెయింటు, చుట్టూ తుప్పు ఉండి అక్కడ మాత్రం మెరుపు కనిపిస్తే ఆ ఇంజన్ దగ్గర నిలబడకండి.

మూడో అడుగు: ముందస్తు అనుమతి

మీరు నివాసం ఉండే ప్రాంతం ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో ఆ ఆఫీసే. 2022లో జిల్లాలు విడిపోయాక హిందూపురం, నంద్యాల వైపు వాళ్లు పాత జిల్లా కేంద్రానికి పోయి తిరిగి రావడం మామూలైంది. బండి నంబరు ఏపీ 02, 04, 21 ఏదైనా సరే, ఇప్పుడు మీ ఆధార్ చిరునామా ఎక్కడుందో చూసుకోండి. వాహన్‌లో ఆల్టరేషన్ ఆఫ్ మోటార్ వెహికల్ అన్న సేవ ఉంటుంది. చాసిస్ నంబరు చివరి అంకెలు, ఓటీపీతో లోపలికి వెళ్లాలి. దానికి ముందే చేతిరాతతోనో టైపు చేసో ఒక అర్జీ ఇచ్చి, రిసీవ్డ్ ముద్రతో కాపీ వెనక్కి తీసుకోండి. అర్జీ ఇలా ఉంటే చాలు:

"రిజిస్టరింగ్ అథారిటీ గారికి. విషయం: నా వాహనం నం. ______ ఇంజన్ మార్పిడికి ముందస్తు అనుమతి, సెక్షన్ 52 కింద. అయ్యా, పై వాహనం ఇంజన్ నం. ______ బ్లాకు పగిలి మరమ్మతుకు పనికిరాకుండా పోయింది. అదే మేక్, అదే టైపు, ______ సీసీ, ______ సిలిండర్లు, డీజిల్ ఇంజన్ నం. ______ అమర్చదలచాను. చాసిస్, బాడీ, సీట్ల సంఖ్య, రంగు మారవు. మెకానిక్ ఇచ్చిన నివేదిక, ఇంజన్ కొటేషన్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాపీలు జతచేశాను. పరిశీలించి అనుమతి ఇవ్వగలరు."

"చాసిస్, బాడీ, సీట్లు, రంగు మారవు" అన్న వాక్యం తీసేయకండి. చూసేవాళ్లకు ఇది బండి మొత్తాన్ని మార్చే పని కాదని మొదటి చూపులోనే తెలియాలి. పాత ఇంజన్ ఎందుకు పోయిందో కారణం కూడా రాయాలి, ఫొటోలు పెట్టాలి.

అనుమతి లేకుండానే ఇంజన్ మారిపోయి ఉంటే 14 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి ఆర్సీ పంపాలని సెక్షన్ 52 చెబుతుంది. ఈ గడువును కొందరు "ముందు పెట్టేసి తర్వాత చెప్పొచ్చు" అని అర్థం చేసుకుంటున్నారు. అది తప్పు. ఒప్పుకోని ఇంజన్‌ను 14 రోజుల్లో చెప్పినా ఒప్పుకోరు.

నాలుగో అడుగు: బిగించడం

చైన్ బ్లాకుకు ఇంజన్ వేలాడుతుండగానే నంబరు పెన్సిల్ ప్రింట్ మూడు కాపీలు, దగ్గర నుంచి ఫొటో తీయండి. కిందికి దింపాక నంబరు స్టార్టర్ వెనకో, మౌంటింగ్ బ్రాకెట్ వెనకో, మానిఫోల్డ్ కిందో పడిపోతుంది. అప్పుడు ఇన్‌స్పెక్షన్ రోజు ఆఫీసు ఆవరణలో బ్రాకెట్లు విప్పాల్సి వస్తుంది. నంబరు చేతికి అందేలా, కంటికి కనిపించేలా బ్రాకెట్ రూపం ముందే ఆలోచించండి.

అదే టైపు ఇంజన్ అయితే పాత మౌంటింగులే సరిపోవాలి. సరిపోకపోతే చాసిస్‌ను కోయకుండా, ఉన్న బోల్టు రంధ్రాలకే కూర్చునే బ్రాకెట్ చేయించండి. చాసిస్ కోస్తే అది ఇంజన్ మార్పిడి కాదు, నిర్మాణం మార్చడం. మౌంటింగ్ రబ్బర్లు కొత్తవి వేయండి. పాతవి వేస్తే వైబ్రేషన్‌కు డీజిల్ పైపు జాయింట్లు కారుతాయి.

క్లచ్ ప్లేటు పళ్లు, రిలీజ్ బేరింగ్ ప్రయాణం, ఫ్లైవీల్ మధ్యనున్న పైలట్ బుష్ లోతు, మూడూ గేర్‌బాక్స్ కలపకముందే కొలవండి. పైలట్ బుష్ లోతు తప్పితే గేర్‌బాక్స్ కూర్చోదు. బోల్టులు బిగించి లాగితే బెల్ హౌసింగ్ చెవులు విరుగుతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ వంపు క్రాస్ (యూనివర్సల్ జాయింట్) దగ్గర 1 నుంచి 3 డిగ్రీల మధ్య, ముందు వెనకల తేడా 1 డిగ్రీ లోపల ఉండాలి. లేకపోతే అరవై దాటగానే బండి వణుకుతుంది, కొత్త క్రాస్ కూడా త్వరగా పోతుంది. ఆయిల్ చాంబర్‌కు, ముందు యాక్సిల్‌కు మధ్య ఖాళీని బండి నిలిచి ఉన్నప్పుడు కాదు, కమాన్ పట్టీలు పూర్తిగా నొక్కుకున్నప్పుడు చూడాలి. బంప్ స్టాప్ తగిలాక కూడా 20 మిల్లీమీటర్లు మిగలాలి.

మన ఎండలకు రేడియేటర్ విషయంలో పొదుపు పనికిరాదు. మేలో 40 దాటిన మధ్యాహ్నం గువ్వలచెరువు ఘాటు ఎక్కుతూ ఇంజన్ వేడెక్కిపోతే పెట్టిన డబ్బంతా హెడ్ గ్యాస్కెట్‌తో పోతుంది. పాత రేడియేటర్‌ను రాడింగ్ (గొట్టాల్లో పేరుకున్నది ఊచతో తీసేయడం) చేయించండి, ఫ్యాన్‌కు రేడియేటర్‌కు మధ్య 25 మిల్లీమీటర్లు ఉంచండి, ఫ్యాన్ కౌలింగ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) తీసేయకండి. థర్మోస్టాట్ పీకేయడం మనవాళ్ల అలవాటు, అది చేయొద్దు. బ్రేక్ బూస్టర్‌కు వాక్యూమ్ డీజిల్ బండిలో పంపు నుంచి వస్తుంది, ఆ గొట్టం, వన్‌వే వాల్వు కొత్తవి వేయండి. ఇంజన్‌కు, చాసిస్‌కు మధ్య మందమైన ఎర్త్ వైరు మరచిపోతే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబుల్ గుండా వెళ్లి కేబుల్ కాలిపోతుంది.

అయిదో అడుగు: ఇన్‌స్పెక్షన్

ముందు పొల్యూషన్. బీఎస్-4 కంటే ముందటి డీజిల్‌కు పొగ 65 హార్ట్రిడ్జ్ యూనిట్ల లోపు, బీఎస్-4కు 50 లోపు. పెట్రోల్ అయితే బీఎస్-2, 3 బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం లోపు, అంతకంటే పాతవాటికి 3 శాతం. కొత్తగా కట్టిన డీజిల్ ఇంజన్‌ను నాలుగైదు వందల కిలోమీటర్లు తిప్పి, నాజిళ్లు, పంపు టైమింగ్ సరిచేయించాక పరీక్షకు పంపితేనే అసలు అంకె వస్తుంది. చల్లని ఇంజన్‌తో వెళ్తే మంచి ఇంజన్ కూడా ఫెయిల్ అవుతుంది.

ఆఫీసుకు వెళ్లే ముందు రోజు బండి చుట్టూ ఒకసారి తిరగండి. ముందున్న ఇనుప బుల్‌బార్ తీసేయండి. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని సెక్షన్ 52కు విరుద్ధమని చెప్పింది. వెడల్పు టైర్లు, నెత్తిమీది లైట్ల వరస, ప్రెషర్ హార్న్, కంపెనీది కాని సైలెన్సర్, ఆర్సీలో లేని రంగు, వెనక అదనపు బెంచీ సీటు, అన్నీ విడివిడి మార్పులే. ఇంజన్ కాగితాలు పక్కాగా ఉండి కూడా ఈ చిన్నవాటి దగ్గర తిరస్కరణ రావడం చాలా మామూలు, ఎందుకంటే చూడగానే కనిపించేవి అవే. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు, వెనక రిఫ్లెక్టర్లు, వైపర్, రెండు అద్దాలు, హ్యాండ్ బ్రేక్ పనిచేయాలి.

ఫైలులో ఈ వరసలో పెట్టండి: అనుమతి కాగితం, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఇంజన్ బిల్లు, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ, ప్యాకింగ్ లిస్టు, ఎన్‌సీఆర్‌బీ ప్రింటు, పాత ఇంజన్, కొత్త ఇంజన్, చాసిస్ పెన్సిల్ ప్రింట్లు, మెకానిక్ షాపు బిల్లు. ఫైనాన్స్ ఉన్న బండికి ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక సమ్మతి పైన ఉండాలి. ఇంజన్ నంబరులో సున్నా, ఇంగ్లీషు "ఓ" అక్షరం తారుమారు కావడం తరచుగా జరిగే పొరపాటు. ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు పెన్సిల్ ప్రింట్ ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. కార్డు ప్రింటయ్యాక దిద్దించుకోవడం మరో దరఖాస్తు.

కార్డు వచ్చాక

అదే వారం ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త ఆర్సీ పంపి, పాలసీలో ఇంజన్ నంబరు మార్పు ఎండార్స్‌మెంట్ రాయించుకోండి. పాలసీలో పాత నంబరే ఉంటే ప్రమాదం జరిగిన రోజు సొంత నష్టం క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ల చేతికి కారణం ఇచ్చినట్లే.

పాత ఇంజన్‌ను ఊరికే తుక్కులోకి తోలేయకండి. దాని నంబరు ఇంకా మీ బండి చరిత్రలో ఉంది. అమ్మితే కొన్నవాళ్ల పేరు, చిరునామా, ఇంజన్ నంబరు, తేదీతో బిల్లు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి, ఒక కాపీ ఆర్సీ ఫైలులోనే ఉంచండి. బ్లాకు పగిలి తుక్కుకే పోతుంటే నంబరున్న భాగం కనిపించేలా ఫొటో తీసి, తూకం రసీదుతో కలిపి అదే ఫైలులో పెట్టండి.